ఇరుకు పళ్లదా, ఎముకదా?

మా పాప అన్నం నమిలేటప్పుడు కింది దవడ కుడివైపుకు జరుగుతోందని మొదట కనిపెట్టింది మా అమ్మ. ఎనిమిదేళ్ల పిల్ల చేష్టలే అనుకుని నేను పట్టించుకోలేదు. పళ్ల వరుసను సరిచేసే డాక్టరు (ఆర్థోడాంటిస్ట్) చిన్న అద్దంలో చూపించిన తరువాతే సంగతి బోధపడింది: పెట్టె మీద మూతలాగా కింది పళ్లకు వెలుపల వాలవలసిన పై దవడపళ్లు, పై వరుస ఇరుకు కావడం వల్ల, కుడివైపున లోపలికి పడుతున్నాయి, అవి ఒకదానికొకటి అడ్డురాకుండా నోరు మూయడానికి పాప దవడను పక్కకు జరుపుతోంది.

ఇరుకు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న అన్నారు డాక్టరు గారు. అంగిలి ఎముక నడుమ, ముందు నుంచి వెనక్కు, ఒక అతుకు ఉంటుంది. చిన్నవయసులో అది ఇంకా గట్టిపడదు. ఎముకే ఇరుకైతే ఆ అతుకును విడదీయాలి. అందుకు స్క్రూ ఉన్న ఎక్స్‌పాండర్‌ను దవడపళ్లకు అతికిస్తారు. ఇంట్లో తల్లిదండ్రులే చిన్న తాళంచెవితో దాన్ని తిప్పుతుంటే ఒక్కో తిప్పుకు దాదాపు పావు మిల్లీమీటరు చొప్పున వెడల్పవుతుంది. అమెరికాలో దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ 1860లోనే ఇటువంటి పద్ధతిని వివరించారు. పళ్ల మీద తొడిగి, ఒకదాని తరువాత ఒకటిగా మార్చుకుంటూ పోయే పారదర్శకమైన అలైనర్ తొడుగుల పని వేరు. అవి పళ్లను బయటికి నెడతాయి, ఎక్కువగా ఒరిగిస్తాయి. అతుకును విడదీసేంత బలం వాటికి ఉండదు. ఇన్విజలైన్ అనే పేరుతో ఈ తొడుగులను అమ్మే తయారీదారులు సైతం అంగిలి కోసం విడిగా ఎక్స్‌పాండర్‌నే తయారుచేశారు, దానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది. తొడుగులతో అన్నీ సరైపోతాయనే ప్రకటనలను నేను నమ్మకపోవడానికి అదొక కారణం.

మా పాపకు ఎముక సరిపడా ఉంది, పళ్లే లోపలికి ఒరిగాయి గనుక తొడుగులు చాలన్నారు. తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు తప్ప రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. పాలపళ్లు పొట్టిగా ఉండి తొడుగుకు పట్టు దొరకదు గనుక పళ్లలో నింపడానికి వాడే పంటి రంగు పదార్థం కాంపోజిట్‌తో పళ్ల మీద చిన్న బొడిపెలు అతికించారు. పప్పన్నం, ఆవకాయ తినగా తినగా వాటి అంచులు పచ్చబడ్డాయి. మూడో తొడుగును బడిలో భోజనాల వేళ టిష్యూలో చుట్టి పెట్టి, ఆ టిష్యూను అలాగే చెత్తబుట్టలో వేసి వచ్చింది. కొత్తది వచ్చేదాకా రెండోదే మళ్లీ పెట్టాం.

ఇప్పుడు పన్నెండోది నడుస్తోంది. మొదటిదాన్ని పక్కన పెట్టి చూసి, ఎంత వెడల్పైందోనని పాప మురిసిపోయింది. కానీ ప్లాస్టిక్ పెరిగినంతా పళ్లు జరగవు. వెనుక దవడపళ్ల దగ్గర అనుకున్నంత రాదని తెలిసి, డాక్టరు గారు ముందే కొంత అదనంగా లెక్కవేశారట. ఎంత వచ్చిందో వచ్చే నెల స్కాన్‌లో తేలుతుంది. ఈలోగా మా అమ్మ మాత్రం పాప అన్నం తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని దవడకేసే చూస్తోంది.