దొర వెంట పర్లాకిమిడి

విశాఖపట్నం నుంచి గుణుపురం వెళ్ళే రైలు నౌపడా దగ్గర ప్రధాన మార్గాన్ని విడిచి, టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరుతుంది. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా ఈ మార్గాన్ని 1900లో అక్కడి రాజావారు చిన్న రైలు కోసం వేయించారు. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే, దాని పక్కనే ఉన్న పర్లాకిమిడి ఒడిశాలో, గజపతి జిల్లాకు కేంద్రంగా ఉంది. బోర్డుల మీద లిపి మారుతుంది గాని, స్టేషను బయట ఆటో అతను నన్ను తెలుగులోనే పలకరించాడు.

నేను వెళ్ళినది ఊరు చూడడానికే అయినా, అక్కడ ఉండడానికి ఇల్లు దొరికినది మాత్రం ఒక కుక్క పుణ్యమా అని. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడూ ఆయన భార్యా తమ కుమార్తె కాన్పుకు బెంగళూరు వెళుతూ, ఇంటినీ, కుక్కనూ, పిల్లినీ చూసిపెట్టే మనిషి కోసం వెతుకుతుంటే, ఇరువైపులా తెలిసిన స్నేహితురాలు ఒకరు నా పేరు చెప్పారు. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి ఏర్పాట్లకు ప్రత్యేకంగా వెబ్‌సైట్లు ఉన్నాయి. యజమాని జీతం ఇవ్వడు, వచ్చినవారు అద్దె ఇవ్వరు, నమ్మకం ఒక్కటే చేతులు మారుతుంది. మన దగ్గర ఆ పని ఎప్పుడూ పక్కింటివారిదో తోడల్లుడిదో. నాకు జీవనాధారమైన ప్రూఫులు దిద్దే పని కంప్యూటరు ఉన్న ప్రతిచోటా సాగుతుంది కనుక, కొంతకాలంగా ఊళ్ళు చూడడానికి ఈ పద్ధతినే ఎంచుకున్నాను. హోటల్లో దిగినవారికి ఊరు ఒక వరుసలో కనిపిస్తుంది, కుక్కకు అన్నం పెట్టవలసినవారికి మరొక వరుసలో కనిపిస్తుంది.

యజమానులు బయలుదేరడానికి ముందుగానే చేరుకోవాలని నేను పట్టుబడతాను. కొత్త మనిషి తన ఇంటివారితో కలిసి కూర్చుని కాఫీ తాగడం, నవ్వడం కుక్క కళ్ళారా చూడాలి. వారు వెళ్ళిన తరువాత తలుపు తీసుకొని వచ్చే అపరిచితురాలిని అది దొంగగానే లెక్కిస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు. ఇక్కడి కుక్క పేరు దొర. వీధిలో పుట్టి, ఒక వానాకాలంలో ఆ ఇంటి అరుగు ఎక్కి, మళ్ళీ దిగని నాటుకుక్క. జమీందారీ పట్టణంలో కోట గోడ పక్కన నిలబడి "దొరా! దొరా!" అని కేకవేయడం మొదట నాకు కొంత బిడియంగానే ఉండేది. పిల్లి పేరు చింకి.

అమ్మగారు ఒక నోటుపుస్తకం ఇచ్చారు. రేబిస్ టీకా వేయించిన తేదీ, పశువైద్యుడి నంబరు, దొరకు పెట్టవలసిన అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుమ్మడి ముక్కల కొలతలు, చింకి పడుకునే అలమర అర, కరెంటు పోతే టార్చిలైటు ఉండే చోటు, అన్నీ అందులో ఉన్నాయి. నేను అడిగి తీసుకున్నది ఒక్కటే, మాస్టారు వాడిన తువ్వాలు, ఉతకకుండా. కుక్కకు ముక్కే ముఖ్యమైన ఇంద్రియం కనుక యజమాని వాసన ఇంట్లో మిగిలి ఉంటే దాని బెంగ కొంత తగ్గుతుంది. నేను దొరతో "ఇటు రండి, కూర్చోండి" అని మర్యాదగా మాట్లాడడం విని మాస్టారు నవ్వి, "ఇది గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరమ్మా, మా వాడికి గ్రాంథికం పడదు. ఒరేయ్ అను, వస్తాడు" అన్నారు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరానికి తరలిపోయారు. దొర విషయంలో మాస్టారి మాటే నిజమైంది.

వారు వెళ్ళిన రోజున దొర గేటు దగ్గర తువ్వాలు మీద పడుకొని లేవలేదు, అన్నం ముట్టలేదు. ఇటువంటప్పుడు బతిమాలడం, తల నిమరడం, చేత్తో తినిపించబోవడం సాధారణంగా మనవారు చేసేవి, మనసు ఊరుకోదు కూడా. కాని తెలియని మనిషి మీదికి వంగడం, కళ్ళలోకి తేరిపార చూడడం కుక్కకు బెదిరింపుగా తోస్తుంది. నేను దానికి పక్కగా, వీపు తిప్పి, అరుగు మీద కూర్చుని నా ప్రూఫులు దిద్దుకున్నాను. వేళకు గిన్నె పెట్టడం, కాసేపటికి ముట్టని గిన్నె తీసివేయడం, మళ్ళీ వేళకు పెట్టడం తప్ప మరేమీ చేయలేదు. మచ్చిక కావడానికి ప్రేమకన్నా వేళ ముఖ్యమని నా నమ్మకం. గిన్నె ఖాళీ అయిన సంగతి నేను చప్పుడును బట్టి తెలుసుకున్నానే గాని తిరిగి చూడలేదు.

అసలు చెలిమి గోమార్లతో మొదలైంది. దొర చెవి విదిలిస్తూ ఉంటే దూరం నుంచి చూశాను. చెవి లోపలి మడతలో బూడిదరంగు గింజల వంటివి ఉబ్బి కనిపించాయి. గోమార్లు రక్తం తాగడమే గాక జ్వరం అంటిస్తాయి, అది ముదిరితే కుక్క రక్తహీనతతో కూలబడిపోతుంది. నేను నేల మీద కూర్చుని, చిన్న పట్టకారు, సబ్బునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకొని, ముందు దాని మెడ కింద, తరువాత దవడ దగ్గర, చివరికి చెవి మొదట వేలు ఆనించాను. దొర గుర్రుమన్నది, కాని లేచి వెళ్ళలేదు. గోమారును నలపకుండా చర్మానికి ఆనుకొని పట్టుకొని, తిన్నగా పైకి లాగాలి. మెలి తిప్పితే నోరు లోపలే తెగి పుండవుతుంది. మొదటిది సబ్బునీళ్ళలో పడేసరికి దొర తల తిప్పి గిన్నె వాసన చూసి, రెండో చెవి నా మోకాలి మీద పెట్టింది. ఆ సాయంత్రం నుంచి నేను వంటింట్లోకి వెళితే అది గడపదాకా వచ్చేది.

పక్కింటి పెద్దావిడ దొర మీద జాలితో ఒకరోజు చేపల పులుసు కలిపిన అన్నం తెచ్చింది. అందులో ఉల్లిపాయ ఉన్నదని నేను వద్దన్నప్పుడు, "మా అత్తోరింట్లో కుక్కలన్నీ ఎంగిలి కూడే తిన్నాయి, ఏటైపోనాదమ్మా?" అని ఆవిడ నిష్ఠూరపడింది. ఉల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుందని, ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు చేస్తాయని వివరించినా ఆవిడకు నా మీద నమ్మకం కుదిరినట్టు లేదు. ఆ పులుసు అన్నం నేను తిన్నాక కుదిరింది. మరికొన్నాళ్ళకు వీధి చివరి ఇంటివారు, ఊళ్ళో జంతువులను చూసే అమ్మాయి దిగిందని విని, పండగకు వెళ్ళివచ్చేదాకా తమ రామచిలుకను కూడా చూసిపెట్టమన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పంజరంలో ఉంచడం నేరమని చెప్పి తప్పుకున్నాను. ఆ చిలుకను తరువాత ఏ చుట్టాలింటికి పంపారో గాని, నాతో మాత్రం మాటలు తగ్గించారు.

చింకి కథ వేరు. అది అలమర మీద నుంచి దిగేది కాదు, నేను పడుకున్నాక తిని వెళ్ళేది. పిల్లివైపు చూస్తూ కళ్ళు నెమ్మదిగా సగం మూసి తెరిస్తే, అవి తిరిగి అలాగే చేస్తాయనీ, అలా చేసిన కొత్తవారి దగ్గరికి రావడానికి ఎక్కువగా ఇష్టపడతాయనీ బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఒక అధ్యయనంలో చూపారు. నేనూ ఆ సాధన చేశాను. చింకి బదులుగా రెప్ప వాల్చింది గాని దిగలేదు. అది దిగినది ఒక మార్గశిర లక్ష్మీవారం తెల్లవారుజామున. ఆ నెల గురువారాలలో ఒడియా ఇల్లాళ్ళు ధాన్యపు కొలపాత్రలో లక్ష్మిని నిలిపి పూజిస్తారు. గడప నుంచి పూజగది దాకా నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు, వరికంకులు చిత్రిస్తారు. దానిని ఝోటి అంటారు. మన వైపు ఇళ్ళలోనూ ఆ లక్ష్మీవారాలు ఉన్నందున వీధి అంతా తడి పిండి వాసన. ఎదురింటి ఒడియా కోడలు పాదాలు తీర్చి లోపలికి వెళ్ళగానే చింకి గోడ దూకి, ఆ తడి పిండి మీదుగా నడిచి, లక్ష్మి పాదాల పక్కనే తన అడుగులను వరుసగా వేసి, అదే కాళ్ళతో వచ్చి నా చీర కుచ్చెళ్ళకు రాసుకుంది. నేను క్షమాపణ చెప్పబోతే ఆ అమ్మాయి నవ్వి, చెరిగిన ఒక పాదాన్ని మాత్రం వేలితో సరిదిద్దింది, పిల్లి అడుగులను అలాగే వదిలేసింది.

పొద్దున్నే మంచు విడవకముందు దొరతో నడక. గజపతుల కోట గోడ వెంబడి, తరువాత మహేంద్రతనయ ఒడ్డున బృందావన్ ప్యాలెస్ వైపు. ఒక్కదాన్నే అయితే నేను కోట గుమ్మటాలు చూసి ఫొటోలు తీసుకొని ముందుకు సాగేదాన్ని. దొరకు గుమ్మటాలతో పని లేదు. దానికి చేపల బజారు మూల, ఒక పాత నుయ్యి, అన్నింటికన్నా మిన్నగా ఒక కొమ్ము పనివారి కొట్టు ముఖ్యం. గేదె, ఆవు కొమ్ములను వేడిచేసి మెత్తబరచి, వంచి, ఆకురాయితో అరగదీసి, కొంగలు, నెమళ్ళు, రొయ్యలు చేసే ఈ పనికి పర్లాకిమిడి పేరుమోసింది. కొమ్ము రాపిడికి వచ్చే కాలిన వెంట్రుకల వంటి వాసన నాకు కడుపులో తిప్పేది. దొర మాత్రం ఆ గుమ్మం ముందు ముందుకాళ్ళు చాపి, ముక్కుపుటాలు ఆడిస్తూ, కదలనని భీష్మించేది. దాని మూలంగా నేను ఒక రొయ్య పూర్తిగా తయారవడం చూశాను: మీసాల కోసం కొమ్మును దారమంత సన్నగా చీల్చి, దీపం వేడికి వంపు తిప్పి అతికించడం దాకా. పనివాడు, అతనూ తెలుగువాడే, మిగిలిన కొమ్ము ముక్క ఒకటి దొరకు విసిరాడు. పెచ్చులు పేగులో గుచ్చుకుంటాయేమోనన్న భయంతో నేను దాన్ని దొర నోటి నుంచి తీసుకున్నాను, దొర ఇచ్చింది. కొత్త మనిషికి నోట్లోది వదిలిందంటే కుక్క ఆ మనిషిని లెక్కలో చేర్చుకున్నట్టే.

ఈ పద్ధతిలో యాత్ర చేసేవారు చూడకుండా వదులుకోవలసినవి ఉంటాయి. 1501 మీటర్ల మహేంద్రగిరి, దాని మీద పాండవుల పేర్లతో ఉన్న పురాతన ఆలయాలు నేను చూడలేదు. 1960లలో టిబెట్ శరణార్థులు స్థిరపడిన చంద్రగిరి, 2010లో దలైలామా ప్రారంభించిన జిరంగ్ బౌద్ధారామం కూడా ఇదే జిల్లాలో ఉన్నాయి, అవీ చూడలేదు. పొద్దున్న వెళ్ళి రాత్రికి రావచ్చునని అందరూ చెప్పారు. కాని ఇంటివారు విడిచివెళ్ళిన దుఃఖం తగ్గుముఖం పట్టిన కుక్కను రోజంతా తాళం వేసిన ఇంట్లో వదిలితే, పోగుచేసుకున్న నమ్మకమంతా ఒక్క పూటలో కరిగిపోతుంది. కొండలు ఎక్కడికీ పోవు.

మాస్టారి దంపతులు మనవడి ఫొటోలతో తిరిగి వచ్చినప్పుడు దొర నన్ను దాటుకొని, గేటు తోసుకొని వెళ్ళి మాస్టారి పంచె పట్టుకుని లాగింది. అలా జరగాలనే ఈ పనిలో ఉన్నవారు కోరుకోవాలి. వచ్చినవారిని విడిచి యజమాని దగ్గరికి పోని కుక్క ఉంటే, ఆ ఇంట్లో ఏదో లోపం ఉన్నదని నేను అనుమానిస్తాను. గోమార్లు తీసిన తేదీలు, మానిన పుండు, చింకి కొత్తగా అలవాటు చేసుకున్న కిటికీ, అన్నీ నోటుపుస్తకంలో రాసి అమ్మగారికి అప్పగించి, మధ్యాహ్నపు భోజనం చేసి బయలుదేరాను.

నెల తిరగకముందే మాస్టారు ఫోన్ చేశారు. కొమ్ము కొట్టు దగ్గరికి రాగానే దొర కూలబడిపోతున్నదని, అక్కడ ఉన్నంతసేపూ పనివాడు ఆయన చేత వార్తాపత్రిక పైకి చదివించుకుంటున్నాడని, వీడికి ఈ దారి ఎవరు నేర్పారో తనకు తెలియాలని అడిగారు. నేను చింకి క్షేమం అడిగి మాట మార్చాను.