మా ఊరి ప్రణాళిక మేమే రాసుకున్నాం: ఒక సర్పంచ్ శిక్షణ అనుభవం

మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలంలో ఒక చిన్న పంచాయతీ. చామంతి, కనకాంబరం పండించి తెల్లారేలోపు ఆనందపురం పూల మార్కెట్‌కి చేర్చే రైతులు ఎక్కువ. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో సర్పంచ్ పదవి మహిళకు రిజర్వ్ అయితే మా వీధివాళ్లు నన్ను నిలబెట్టారు. అప్పటికే చాలా ఏళ్లుగా గ్రామ సమాఖ్య పుస్తకాలు రాస్తున్నాను కాబట్టి లెక్కలంటే బెరుకు లేదు. అయినా పంచాయతీ క్యాష్ బుక్ మొదటిసారి తిరగేసినప్పుడు ఏ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, దేన్ని దేనికి ఖర్చు పెట్టొచ్చో అంతుపట్టలేదు. ఆ టెన్షన్ శిక్షణతోనే తీరింది. ఇక ముందు ఎన్నికయ్యేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మాకు పిలుపు సామర్లకోట విస్తరణ శిక్షణా కేంద్రం నుంచి వచ్చింది. ఇలాంటి కేంద్రాలు బాపట్లలో, శ్రీకాళహస్తిలో కూడా ఉన్నాయి. చాలామంది మహిళా సర్పంచ్‌ల వెంట భర్తో కొడుకో వచ్చారు. క్లాసులోకి మాత్రం ఎన్నికైనవాళ్లనే రానిచ్చారు. ఎంతో మేలు జరిగింది. పొద్దున పేరు చెప్పడానికే మొహమాటపడినవాళ్లు మధ్యాహ్నానికి తమ ఊరి బోరు గురించి, చెరువు గట్టు గురించి గడగడా మాట్లాడారు.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిందని, పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయని చెప్పారు. మీ పంచాయతీ వాటిలో ఎన్నింటి మీద ఖర్చు పెడుతోందో రాయమన్నారు. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, రోడ్లు దాటి ఎవరి కాగితమూ ముందుకు సాగలేదు. బడి, వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, మహిళా శిశు సంక్షేమం కూడా ఆ జాబితాలో ఉన్నాయని చాలామందికి అక్కడే తెలిసింది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది నిధుల క్లాసు. మా సెక్రటరీ గారిని అడిగి అంతకుముందు ఏడాది జమాఖర్చుల కాపీలు పట్టుకెళ్లాను. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021–26) నిధుల్లో 60 శాతానికి షరతు ఉండేది. అందులో సగం తాగునీటికి, వాన నీటి సంరక్షణకు, సగం పారిశుద్ధ్యానికి వాడాల్సి ఉండేది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు ముట్టుకోకూడదు అన్నారు. ఇంటి పన్ను, నీటి పన్ను లాంటి సొంత ఆదాయం లెక్క వేరు. ఈ సంగతులు బోర్డు మీద రాస్తే ఎవరైనా రాసుకుంటారు. మా ఊరి అంకెల పక్కన పెట్టుకుని చూశాకే నాకు ఒంటబట్టింది. మా ఎస్సీ కాలనీలో ఇళ్ల మురుగునీరు పోయే దారి లేదు. ఎవరు అడిగినా రోడ్డు వేసినప్పుడు చూద్దాం అనే మాటే వినేదాన్ని. సిమెంటు రోడ్డుకు షరతు నిధులు వాడకూడదు, మురుగునీటి పనికి వాడొచ్చు. అంటే రోడ్డు కోసం ఆగకుండానే ఆ పని పెట్టుకోవచ్చు. ఆ రాత్రి హాస్టల్లో సెక్రటరీ గారికి ఫోన్ చేసి పారిశుద్ధ్యం పద్దులో ఎంత మిగిలిందో కనుక్కున్నాను.

కొన్నాళ్లకు కేరళలోని కిలా చూసే అవకాశం దొరికింది. స్థానిక పాలన మీద శిక్షణ ఇవ్వడానికి, పరిశోధన చేయడానికి 1990లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. త్రిశూర్ పక్కన ముళంకున్నత్తుకావులో ఉంది. అక్కడి క్లాసులు ఇంగ్లీషులో జరిగితే మాతో వచ్చిన ఒక అధికారి తెలుగులో చెప్పేవారు.

1996లో కేరళ ప్రభుత్వం తన ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టింది. అంత డబ్బు ఒక్కసారిగా చేతికొస్తే దాన్ని ప్రణాళికగా రాయగలవాళ్లు కావాలి కదా. అప్పుడు వేలమందికి శిక్షణ ఇచ్చే పనిలో కిలాది పెద్ద చెయ్యి. డబ్బు, అధికారం, శిక్షణ కలిసి వచ్చినందువల్లే అక్కడ పని నడిచిందని నా నమ్మకం. మన దగ్గర శిక్షణ ముందొస్తుంది, మిగతా రెండూ మెల్లిగా వస్తాయి.

అయితే అక్కడిదంతా తెచ్చి ఇక్కడ పెట్టలేం. కేరళ మొత్తానికి గ్రామ పంచాయతీలు 941. మన రాష్ట్రంలో 13 వేల పైనే. అక్కడి ఒక్కో పంచాయతీ మన మండలానికి దగ్గరగా ఉంటుంది, సిబ్బంది కూడా ఆ లెక్కనే ఉంటారు. అంత పెద్దది కాబట్టి గ్రామసభ వార్డు వార్డుకీ జరుగుతుంది. వార్డులో అడిగినవి రంగాలవారీగా వర్కింగ్ గ్రూపులకు వెళతాయి, తర్వాత అభివృద్ధి సెమినార్‌లో చర్చకు వస్తాయి. దగ్గర్లోని ఒక పంచాయతీకి తీసుకెళ్లినప్పుడు హరిత కర్మ సేన ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి ప్లాస్టిక్ సేకరించి, అందుకు ఇంటివాళ్ల దగ్గర నెలవారీ రుసుము తీసుకోవడం చూశాను. వాళ్లు కుటుంబశ్రీ సభ్యులు, అంటే మన డ్వాక్రా అక్కచెల్లెళ్లలాంటివాళ్లే. ఆ రుసుము అడిగేటప్పుడు వాళ్లకున్న ధీమా మా ఊళ్లో చెత్త సేకరించే గ్రీన్ అంబాసిడర్లకు ఎప్పుడు వస్తుందా అనిపించింది.

తిరిగి వచ్చాక వార్డు పద్ధతి ఒక్కటి పట్టుకున్నాను. ఏటా అక్టోబర్ 2 నుంచి ప్రజా ప్రణాళిక ప్రచారం పేరుతో వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక (జీపీడీపీ) తయారీ మొదలవుతుంది. మన చట్టంలో గ్రామసభ ఊరంతటికీ ఒక్కటే. దానికి ముందు వార్డుల్లో మామూలు సమావేశాలు పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూలు కోసే వేళ, మార్కెట్ వేళ తప్పించి సాయంత్రాలు పెట్టాం. మెంబర్లే పిలిచారు, నేను వెళ్లి కూర్చున్నాను.

శివారు వీధిలో ఒక పెద్దామె నన్ను చూడగానే, “ఏటమ్మా సర్పంచమ్మా, ఇన్నాళ్లకి మా వీధి గేపకం వచ్చిందేటి?” అంది. అంటూనే పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ వీధికి రావాల్సిన నీళ్లు పైవీధి మోటార్లు లాగేస్తున్నాయని చెప్పింది ఆమే. ఊరంతా కలిసే గ్రామసభలో పైవీధి పెద్దల ముందు ఆ మాట ఎవరూ అనరు. కొత్త ట్యాంకు కావాలన్న పాత డిమాండ్ పక్కన, పైపులైనుకు వాల్వులు పెట్టి వీధికో వేళ నీళ్లు వదలాలన్న పని కూడా రాసుకున్నాం. ఖర్చు తక్కువ, ఫలితం తొందరగా కనిపిస్తుంది.

ఆ తర్వాత గ్రామసభలో చదివి తీర్మానం చేయడం, ఇంజినీరింగ్ అసిస్టెంట్‌తో అంచనాలు వేయించడం, పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు నమోదు చేసే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించడం జరిగాయి. పోర్టల్‌లో పనికి సరైన పద్దు ఎంచకపోతే తర్వాత బిల్లు దగ్గర ఆగిపోతుంది, కాబట్టి ఎక్కించేటప్పుడు పక్కనే కూర్చోండి. డిజిటల్ కీ మీ దగ్గరే ఉంచుకోండి. చెల్లింపుకు మీ సంతకం ఎంత విలువైనదో ఆ కీ అంతే విలువైనది.

కాలనీ మురుగు కాలువ పూర్తయింది. వాల్వులు పెట్టాం, ఎండాకాలంలో కూడా శివారు వీధికి నీళ్లందాయి. తేలనిది లేఅవుట్ల సంగతి. విశాఖ పెరిగి మా పొలాల దాకా వచ్చింది. అనుమతి ఉన్న లేఅవుట్లలో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ (దానపత్రం)తో స్థానిక సంస్థకు అప్పగించాలి. మా పరిధిలో కొన్నింటికి ఆ కాగితాలు ఇంకా వెతుకుతున్నాం. ఊరు నగరం అంచున ఉంటే ఏం చేయాలో మా శిక్షణలో పెద్దగా లేదు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి మండలాల పంచాయతీలకు అదే ఇప్పుడు ముఖ్యమైన విషయం.

ఇంకొకటి, మా వార్డు మెంబర్లకు దొరికిన శిక్షణ చాలా తక్కువ. ప్రణాళికలో అసలు పని చేసింది వాళ్లే. వాళ్లను కూడా సామర్లకోట పంపాలని, నగర శివారు పంచాయతీలకు లేఅవుట్ల మీద విడిగా క్లాసు పెట్టాలని పంచాయతీ సమావేశంలో తీర్మానం చేసి మండలానికి పంపాం. పక్క పంచాయతీల సర్పంచ్‌లను కూడా ఇదే తీర్మానం చేయమని అడుగుతున్నాను.