వేడి కాదంట

"ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడినావామ్మా?" అని డాక్టరమ్మ అడగ్గానే బ్యాగులో చెయ్యి పెట్టినా. గొంతు నొప్పికని మెడికల్ షాపులో తెచ్చుకున్న స్ట్రిప్పు, సగం ఖాళీ.

వారం నుంచి ఒకటే దురద, విరిగిన పాలలాగా తెల్లబట్ట. "అనంతపురం ఎండలకు వేడి చేసింటాది, సబ్జా నీళ్లు తాగు" అంది అమ్మ. నేనేమో రోజుకు మూడుసార్లు సబ్బుతో కడిగినా. దాంతో మంట ఇంకా ఎక్కువైంది.

మంచి బ్యాక్టీరియాను ఆ మందు చంపేస్తే, ఒంట్లో మామూలుగానే ఉండే కాండిడా ఫంగస్ పెరిగిపోతుందంట. షుగర్ ఉన్నా వస్తుందని ఆ టెస్టూ రాశారు. నెల తప్పలేదని తెలుసుకున్నాకే 150 ఎంజీ ఫ్లూకోనజోల్ ఇచ్చారు, ఒక్క మాత్ర.

బయట బెంచీ మీద ఒక అమ్మాయి చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది. ఏం తప్పు చేసిందని, పాపం!