ఆషాఢంలో రంజాన్

ఆదివారం, రాత్రి

పొద్దుటి నుంచి ఏడో అధ్యాయం మీదే పని. నవల నడిచేది సికింద్రాబాద్‌లో. పాతవాళ్ల నోట అది ఇంకా లష్కరే. రాష్ట్రపతి రోడ్డు వెనక ఒక సందు, తొమ్మిది ఇళ్లు. తెలుగు, తమిళం, దక్కనీ (ఇక్కడి ఉర్దూ), మార్వాడీ మాటలు, ఒక పార్సీ ఇల్లు, ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం. కథాకాలం 1982.

ఆ ఏడాదే ఎందుకంటే, బోనాల నెల ఆషాఢమూ, ఉపవాసాల నెల రంజానూ జూన్ నాలుగో వారంలో దాదాపు కలిసే మొదలయ్యాయి. ముస్లింల హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు, సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. మన పంచాంగం ఆ లోటును అధికమాసంతో పూడుస్తుంది, హిజ్రీ పూడ్చదు. అందుకే రెండు మూడేళ్లు జంటగా నడిచిన నెలలు అధికమాసం పడగానే విడిపోతాయి. కథను 1983కి జరిపామా, రంజాన్ జ్యేష్ఠంలోకి వెళ్లిపోతుంది, అధ్యాయం కూలిపోతుంది. మళ్లీ 2013, 2014లలో రెండూ కలిశాయి. ఊహ మీద పండగలు రాయకూడదు. ఆ ఏటి పంచాంగం, హిజ్రీ క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకునే రాయాలి.

గడియారం కూడా చూసుకోవాలి. చిత్తుప్రతిలో ఇఫ్తార్, అంటే పొద్దు గూకాక ఉపవాసం విడవడం, ఆరుంపావుకు ఉంది. అది చలికాలపు లెక్క. జులై మొదట్లో హైదరాబాద్‌లో పొద్దు గూకేది ఏడుకు ఐదారు నిమిషాల ముందు. ఆ నలభై నిమిషాల తేడాతో సందులో వెలుతురు మారింది, బోనం ఎత్తుకుని తిరిగొచ్చేవాళ్లు ఎవరికి ఎదురుపడతారో అదీ మారింది. దృశ్యం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది, మంచిదే అయింది. రంగం మాత్రం బోనాల మర్నాడు, సోమవారం; పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణిని ఆదివారం సాయంత్రంలో కలిపేయకూడదు.

తర్వాత పిలుపుల పట్టిక. పెద్ద కాగితం మీద తొమ్మిది గడులు నిలువు, తొమ్మిది అడ్డం: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు. తెలుగింటి పిల్లలకు దక్కనీ ఇంటావిడ ఖాలా, అంటే పిన్ని. ఆమెకు తెలుగింటావిడ అక్క. గొడవలో ఆ ‘అక్కా’ పోయి ‘ఏమ్మా’ వస్తుంది. ఆ ఒక్క మార్పు అరపేజీ వర్ణన పని చేస్తుంది. ‘నక్కో’ అని రాశాక పక్కన ‘వద్దు’ అని అర్థం ఇవ్వడం పాఠకుణ్ణి చిన్నబుచ్చడమే. ఎదుటిమనిషి గిన్నె వెనక్కి తీసుకుంటే చాలు. మహాత్మాగాంధీ రోడ్డును ముసలివాళ్లు జేమ్స్ స్ట్రీట్ అనాలి, పిల్లలు ఎంజీ రోడ్డు అనాలి.

పార్సీ ఇల్లు ఇంకా నిలబడలేదు. ఆ ఇంటి పెద్దాయన వచ్చినప్పుడల్లా అగ్యారీ, అంటే పార్సీల అగ్ని ఆలయం, ప్రస్తావనే. ఒక్కో ఇంటిని ఒక్కో మతానికి నమూనాగా పెడితే జరిగేది ఇదే: మనిషి మాయమై బోర్డు మిగులుతుంది. దీనికి మందు నల్లా. నీళ్లు వదిలే గంటలో బిందె పెట్టని ఇల్లుండదు. అక్కడ అందరికీ వరసే ముఖ్యం, పండగ కాదు.

సందులోని అసలు మనుషుల్ని పేరొక్కటీ మార్చి వాడితే మొదటి పేజీలోనే గుర్తుపడతారు, నొచ్చుకుంటారు. వృత్తి, సంతానం, ఇల్లున్న వైపు, మూడూ మారాలి. లేదా ఇద్దరిని ఒకరిగా కలపాలి. రైల్వే గార్డుకు నిన్ననే అలా చేయడం అయింది; ఇప్పుడాయనకు కొడుకులు లేరు, కాబట్టి మూడో అధ్యాయంలో క్రికెట్ బ్యాటు ఎవరిదో తేల్చాలి.

రేపు పార్సీ పెద్దాయన బిందెతో వరసలో నిలబడతాడు, ఐదో మనిషిగా.