బాలింతను కూడా అడగాలి

నా రెండవ కాన్పు దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. తల్లిగారింట్లో తిండికీ విశ్రాంతికీ లోటు లేదు. అయినా మూడవ వారం దాటేసరికి నాకు నిద్ర కరువైంది. పాప పడుకున్నా నేను మేలుకొనే ఉండేదాన్ని, పాలిస్తూ ఏడ్చేదాన్ని, ఈ బిడ్డను పెంచడానికి నేను తగననే ఆలోచన తెల్లవార్లూ వదిలేది కాదు. కాన్పయిన కొత్తలో వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుందని, ఆ తర్వాత కూడా నిలిస్తే అది చికిత్స చేయించవలసిన జబ్బు కావచ్చునని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గాలి సోకిందనుకొని అమ్మ తాయెత్తు కట్టించింది. ఆమెను తప్పుపట్టను, కంటికి కనిపించని బాధను తీసుకుపోవడానికి ఆమెకు తెలిసిన చోటు అదొక్కటే.

కాన్పు తర్వాత 42వ రోజు వరకు ఆశా కార్యకర్త విడతలు విడతలుగా ఇంటికి వచ్చి పసిబిడ్డను చూడాలన్నది ప్రభుత్వ నియమం. మా ఆశా కార్యకర్త వచ్చేది, పాపను తూచేది, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూసేది, రాసుకొనేది. ఒకనాడు పుస్తకం మూసి, "అక్కా, పాప సంగతి కాదు, నిన్నే అడుగుతున్న. రాత్రి నిద్ర పడుతున్నదా?" అన్నది. ఆ ప్రశ్న ఆమె పుస్తకంలో లేదు. ఆమె మా ఊరి ఆడబిడ్డ, అమ్మ ఉన్న మహిళా సంఘంలోనే సభ్యురాలు కనుక, "పెద్దమ్మా, ఇది గాలి కాదు, దవాఖానకు పోవాలె" అంటే అమ్మ విన్నది. అదే మాట కొత్తవాళ్లు చెబితే వినేది కాదని నా నమ్మకం.

నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు నా మాట పూర్తిగా విని, పాలిచ్చే తల్లి వాడదగిన మందు రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గిందనుకొని సొంతంగా మానవద్దని చెప్పారు. మందులు ఉచితమే. బస్సులో ఆడవాళ్లకు చార్జీ లేదు. కష్టమంతా తోడు దొరకడంలోనే ఉంది, ఎందుకంటే పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకొని నాతో నల్లగొండకు ఎవరు వస్తారు? సంఘం ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు నా వెంట వస్తే మరొకరు పెద్దబాబును చూసుకొనేవారు. ముందు నిద్ర తిరిగి వచ్చింది, తర్వాత ఆకలి, చాలా ఆలస్యంగా పాపను ఎత్తుకోవాలన్న ఇష్టం.

మానసిక వైద్యాన్ని పల్లెలకు చేర్చేందుకు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. ప్రభుత్వ సేవల్లో మానసిక చికిత్స పొందడం హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. 2022 అక్టోబరు నుంచి 14416కు ఫోన్ చేస్తే, ఫోనులోనే మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ సలహాదారులు మాట్లాడుతున్నారు. ఇవన్నీ అవసరమే. కాని నిద్రలేని బాలింత తానే ఫోను తీసి మాట్లాడుతుందని ఆశించలేము. ఆమె గడప దాకా వచ్చే మనిషి అడగాలి. కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించే పది ప్రశ్నల ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచి ఉన్నది. దాన్ని అడగడంలో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి తగిన పారితోషికమూ ఇవ్వాలి. ఇప్పటికే వారి మీద ఉన్న భారం చిన్నది కాదు. వైద్యుడు ఒకసారి రాసిన మందు నెలనెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి.

ఈ రెండూ కోరుతూ మా సంఘం తీర్మానం చేసి జిల్లా వైద్యాధికారికి అర్జీ పెట్టింది. జవాబు రావలసి ఉంది. ఈలోగా మా ఊళ్లో కాన్పయిన ఇంటికి, ఆశా కార్యకర్తతో పాటు, నేనూ వెళుతున్నాను.