ఛార్జీ ఎవరు వేశారో చెప్పండి

పొద్దున్న తొమ్మిదింటికే చినుకులు మొదలయ్యాయి. అమ్మకి కంటి ఆపరేషన్ తర్వాత ఈరోజు చెకప్, విజయవాడలో పటమట నుంచి సూర్యారావుపేట వెళ్ళాలి. మామూలు రోజైతే బందరు రోడ్డు మీద సిటీ బస్సెక్కేసేవాళ్ళం, ఇప్పుడు ఆడవాళ్ళకి టికెట్ కూడా లేదు, కానీ నల్లద్దాలు పెట్టుకున్న మనిషిని ఆ రద్దీలో నిలబెట్టి తీసుకెళ్ళలేను కదా. యాప్ తెరిస్తే 146 రూపాయలు చూపించింది. అమ్మ మందుల చీటీ వెతుక్కుని వచ్చేసరికి అదే కారు, అదే దూరం, 212.

సరే అని బుక్ చేశాను. ఒకతను ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ మేడమ్? క్యాషా, ఆన్‌లైనా?" అన్నాడు. సూర్యారావుపేట, ఆన్‌లైన్ అన్నాను. "ఆఁ, వస్తున్నా" అని పెట్టేశాడు. మ్యాప్‌లో బండి మాత్రం బెంజి సర్కిల్ దగ్గర నుంచి కదల్లేదు, కాసేపటికి క్యాన్సిల్. ఇది మా ఊళ్ళో అందరికీ అనుభవమే. వాన పడుతోంది, డాక్టరు గారి టైమ్ అయిపోతోంది, అమ్మేమో గుమ్మంలో నిలబడి "ఆటో పిలువమ్మా" అంటోంది, ఆ టెన్షన్ పడినవాళ్ళకే తెలుస్తుంది.

తర్వాత వచ్చినాయన పెద్దవాడు, యాభై దాటి ఉంటాయి. అమ్మ ఎక్కేదాకా దిగి డోరు పట్టుకున్నాడు. డ్యాష్‌బోర్డు మీద దుర్గమ్మ ఫొటో, దాని పక్కనే స్టాండుకి రెండు ఫోన్లు, ఒక్కో దాంట్లో ఒక్కో యాప్. దారిలో అడిగాను, డ్రైవర్లు ఎక్కడికని ముందే ఎందుకు అడుగుతారండీ అని. ఆయనేం దాచలేదు. "నేను గొల్లపూడిలో పాసింజర్‌ని దించి ఇక్కడిదాకా ఖాళీగా వచ్చానమ్మా. ఆ గ్యాస్ నాదే. ఇప్పుడు మిమ్మల్ని దించిన చోట ఇంకో బేరం తగలకపోతే మళ్ళీ ఖాళీ. ఆన్‌లైన్ డబ్బులు వెంటనే చేతికి రావు, బంకు వాడేమో ఇప్పుడే అడుగుతాడు." ఇంతకుముందు ఆయన రైల్వే స్టేషన్ దగ్గర స్టాండులో ఉండేవాడట. అక్కడైతే సీరియల్, ముందు వచ్చినవాడికి ముందు బేరం. రేటు దగ్గర పాసింజరుతో గొడవలూ ఉండేవి, కానీ గొడవ పడటానికి ఎదురుగా మనిషి ఉండేవాడు అన్నాడు.

దిగాక డబ్బులు కట్టేసి, మీకెంత పడిందండీ అంటే ఫోన్ తిప్పి చూపించాడు. నా ఫోన్‌లో 212. ఆయన ఫోన్‌లో 158.

ఆ తేడా చూశాక రోజంతా మనసు అక్కడే ఉంది. చెకప్ బాగానే జరిగింది, చుక్కల మందు ఇంకో రెండు వారాలు వేయమన్నారు.

మధ్యాహ్నం మా వీధిలో ట్రావెల్స్ కారు నడిపే అన్నయ్య కనిపిస్తే ఈ మాటే చెప్పాను. ఆయన కోపం ఇంకోరకం. "పర్మిట్ మాకు, బ్యాడ్జి మాకు, టాక్సు మాకు, ఎఫ్‌సీకి, అదే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సింది మేము. గన్నవరం ఎయిర్‌పోర్టుకి ఒక రేటు చెప్తే యాప్‌లో తక్కువుంది కదా అంటారు, అదే యాప్ రాత్రిపూట డబుల్ చూపిస్తే మాత్రం నాకు ఫోన్ చేస్తారు." ఆయన బాధలో న్యాయం ఉంది, కాకపోతే యాప్ కార్లకీ పసుపు ప్లేటే, పర్మిటూ ఎఫ్‌సీ వాళ్ళకీ తప్పవు. పొద్దున్న వచ్చిన డ్రైవరుదీ ఈ అన్నయ్యదీ ఒకటే తరహా బండి, ఒకటే తరహా ఈఎంఐ. తెల్ల ప్లేటుతో సవారీలు ఎక్కించుకునే బైకుల సంగతి వేరే, ఆ లెక్క ఇంకా తేలలేదు. కర్ణాటకలో 2025లో హైకోర్టు ఉత్తర్వుతో బైక్ టాక్సీలు కొన్నాళ్ళు ఆగిపోయాయి కూడా. కానీ కార్ల విషయంలో డ్రైవరుకీ డ్రైవరుకీ మధ్య పోట్లాట పెట్టుకుంటే, మధ్యలో ఉన్న ఆ 54 రూపాయల గురించి అడిగేవాడు ఉండడు.

రాత్రి అమ్మ పడుకున్నాక కూర్చుని రూల్స్ చదివాను. రూల్స్ లేక కాదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడే ఈ యాప్ కంపెనీలని అగ్రిగేటర్లు అని పేరు పెట్టి చట్టంలోకి తెచ్చారు, రాష్ట్రం దగ్గర లైసెన్సు తీసుకోవాలన్నారు. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రద్దీ వేళ ఛార్జీ బేస్ ఫేర్‌కి, అంటే రద్దీ కలపని అసలు ఛార్జీకి, ఒకటిన్నర రెట్లు మించకూడదని ఉంది, 2025 జూలైలో దాన్ని రెండు రెట్లు చేశారు. సొంత బండి నడిపే డ్రైవరుకి ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలి. 212లో 80 శాతం అంటే దాదాపు 170, ఆయన ఫోన్‌లో ఉన్నది 158. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, వంద రూపాయలు మించకుండా జరిమానా, అది డ్రైవరుకైనా పాసింజరుకైనా. పాసింజరు దగ్గరికి ఖాళీగా వచ్చే దూరం కూడా లెక్కలో పెట్టి, బేస్ ఫేర్ కనీసం మూడు కిలోమీటర్లకి ఉండాలన్నారు. గొల్లపూడి నుంచి ఖాళీగా వచ్చానన్న ఆయన కష్టం కాగితం మీద ఎవరికో తెలుసన్నమాట.

అయితే ఇవన్నీ బేస్ ఫేర్ అనే ఒక్క అంకె మీద నిలబడ్డాయి. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అంటున్నారు సరే, దేనికి రెట్లు? ఆ అంకె నిర్ణయించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. నా స్క్రీన్ మీద అది ఎక్కడా లేదు. 146 బేసా? 146లోనే సగం రద్దీ ఛార్జీ కలిపేశారా? నాకు తెలీదు, డ్రైవరుకీ తెలీదు, ఇద్దరం పక్కపక్కన కూర్చుని రెండు ఫోన్లు చూసుకుంటున్నాం. ఆటోలకీ ఇదే గతి. మీటరు వేసే ఆటో మా ఊళ్ళో నేను చూసి ఏళ్ళయింది, బస్టాండు ముందు నోటికొచ్చిన రేటు చెప్తారని జనం తిడతారు, ఆ తిట్లే యాప్‌లకి దారి వేశాయి. ఇప్పుడు యాప్ కూడా నోటికొచ్చిన రేటే చెప్తోంది, కాకపోతే దానికి నోరు లేదు, బేరమాడలేం.

2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సొంత ఆటో, క్యాబ్ ఉన్న డ్రైవర్లకి 15 వేలు ఇచ్చింది, ఉచిత బస్సు వచ్చాక బేరాలు తగ్గాయని. మంచిదే, నేను కాదనను. కానీ అద్దె బండి నడిపేవాడికి అది రాదు, పైగా ప్రతి ట్రిప్పులో పోయేది ఏడాదికోసారి ఇచ్చేదాంతో పూడదు. డ్రైవరుకి కావాల్సింది తన వాటా లెక్క. నాకు కావాల్సిందీ అదే లెక్క, రెండోవైపు నుంచి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఒకటి రాసి పెట్టుకున్నాను, అన్నయ్య కూడా సంతకం పెడతానన్నాడు. అందులో మూడే అడిగాం. కారుకీ ఆటోకీ కిలోమీటరు బేస్ ఫేర్ ఎంతో బస్టాండు దగ్గర, స్టేషన్ దగ్గర, పెద్దాసుపత్రి దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. బుక్ చేసేముందే బేస్ ఎంత, రద్దీ ఛార్జీ ఎంత, డ్రైవరుకి చేరేది ఎంత అని యాప్‌లో విడివిడిగా కనపడాలి. చూపించని కంపెనీ లైసెన్సు సంగతి రవాణా శాఖ ఏం చేస్తుందో మాకు రాతపూర్వకంగా చెప్పాలి.