కేరళ ఎల్డీఎఫ్‌లో ముందు సీటు, తర్వాతే పేరు

కేరళలో సీపీఎం నడిపించే వామపక్ష కూటమి ఎల్డీఎఫ్. దాని టికెట్లు అనగానే అందరూ పేర్ల దగ్గరికి వెళ్లిపోతారు. అసలు బేరం పేర్లు రాకముందే ముగుస్తుంది. కేరళలో లోక్‌సభ స్థానాలు 20. 2024లో సీపీఎంకు 15, సీపీఐకి 4, కేరళ కాంగ్రెస్ (ఎం)కు కొట్టాయం ఒక్కటి. కూటమిలోని ఆర్జేడీ కూడా అడిగింది, దక్కలేదు. ఈ లెక్క తేలాక ఎవరిని నిలబెట్టాలన్నది ఆయా పార్టీల సొంత వ్యవహారం.

లెక్క దగ్గరే చెడితే నష్టం ఎంతో కొల్లాం చూస్తే తెలుస్తుంది. 2014లో ఆ సీటు తమదేనని అప్పటి ఎల్డీఎఫ్ మిత్రపక్షం ఆర్ఎస్పీ పట్టుబట్టింది, సీపీఎం వదల్లేదు. ఆర్ఎస్పీ కాంగ్రెస్ కూటమి యూడీఎఫ్‌లోకి వెళ్లిపోయి, ప్రేమచంద్రన్‌ను దింపి, సీపీఎం పొలిట్‌బ్యూరో సభ్యుడు ఎం.ఎ. బేబీనే ఓడించింది. ఆ తర్వాత 2019లో, 2024లో కూడా గెలుపు ప్రేమచంద్రన్‌దే.

సీపీఎంలో జిల్లాల అభిప్రాయాలు తీసుకుని రాష్ట్ర కార్యదర్శివర్గం ముసాయిదా జాబితా తయారుచేస్తుంది. దాని మీద రాష్ట్ర కమిటీలో చర్చ, పైన కేంద్ర నాయకత్వం ఆమోదం. సీపీఐలో కూడా జిల్లాల నుంచి పేర్లు వస్తాయి, తేల్చేది రాష్ట్ర నాయకత్వం. ఈ దారి ఉన్నంత మాత్రాన తప్పు జరగదనేం లేదు. 2014లో తిరువనంతపురం టికెట్ సీపీఐ బయటి వ్యక్తికి ఇచ్చింది. సీటు అమ్ముకున్నారన్న ఆరోపణ వచ్చింది, అభ్యర్థి మూడో స్థానంలో మిగిలాడు, చివరికి పార్టీ సొంత రాష్ట్ర నాయకుల మీదే చర్య తీసుకోవాల్సి వచ్చింది.

ఇక గుర్తు సంగతి. నా లెక్కలో 2024 జాబితాలో అసలు విషయం ఇదే. జాయిస్ జార్జ్ 2014లో ఇడుక్కి గెలిచింది ఎల్డీఎఫ్ మద్దతున్న స్వతంత్రుడిగా. సీపీఎం ముద్ర లేకపోతే క్రైస్తవ ఓట్లు రాలతాయన్న ఆశ అందులో ఉంది. కానీ స్వతంత్రుడికి పడ్డ ఓట్లు పార్టీ గుర్తింపు లెక్కలోకి రావు. 2023 ఏప్రిల్‌లో సీపీఐ జాతీయ పార్టీ హోదా పోయాక సీపీఎంకూ ఆ భయం పట్టుకుంది. అందుకే 2024లో తన 15 సీట్లలో అందరినీ సుత్తి కొడవలి నక్షత్రం మీదే నిలబెట్టింది. ముస్లిం లీగ్ నుంచి వచ్చిన హంసకు పొన్నానిలో ఇచ్చిందీ ఆ గుర్తే.

పెద్ద పేర్ల కోసం ఎమ్మెల్యేలను లోక్‌సభ బరిలోకి దింపడం ఇంకో అలవాటు. 2024లో శైలజ, ముకేశ్, వి. జాయ్, అప్పటి మంత్రి రాధాకృష్ణన్ బరిలో ఉన్నారు. జాయ్ అట్టింగల్‌లో 700 లోపు ఓట్ల తేడాతో పోయారు. ఎల్డీఎఫ్ మొత్తానికి గెలిచింది ఆలత్తూరులో రాధాకృష్ణన్ ఒక్కరే. దాంతో ఆయన ఎమ్మెల్యేగా ఉన్న చేలక్కరలో ఉపఎన్నిక ఖర్చు కూడా నెత్తిన పడింది, ఆ సీటు మాత్రం నిలబెట్టుకున్నారు.

జాబితా ప్రకటించాక కూడా కాగితాల పని ఉంటుంది. పార్టీ తరఫున ఎవరు సంతకం చేయొచ్చో చెప్పే ఏ-ఫారం, అభ్యర్థి పేరు చెప్పే బీ-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. వాటి మీద సిరా సంతకం తప్పనిసరి, జిరాక్సు, ఫ్యాక్సు చెల్లవు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. డమ్మీ, అంటే ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు కూడా అదే బీ-ఫారంలో రాస్తారు. పరిశీలనలో అసలు అభ్యర్థి నామినేషన్ కొట్టేస్తే గుర్తు డమ్మీకి వెళ్తుంది.